రోడ్డుకివతలి చుట్టరికం

మా అమ్మాయిని జంగారెడ్డిగూడెంలో ఇచ్చాం. ఏడాదికి రెండుసార్లు, వేసవిలో ఒకసారి, క్రిస్మస్ ముందు ఒకసారి, నేనూ మా ఆయనా భీమవరంలో కారెక్కి వెళ్ళి వియ్యంకుల ఇంట్లో రెండు రోజులుండి వస్తాం.

కిందటి వేసవిలో వెళ్తుంటే, కొయ్యలగూడెం దాటాక ఒకచోట రోడ్డు పక్కన జీడిమామిడి పళ్ళు కుప్పపోసి ఉన్నాయి. పిక్కలు ఒలుచుకుని పళ్ళు అక్కడే పారేసినట్టున్నారు. ఎండకు పులిసి, తీపీ వగరూ కలిసి కల్లులా ఒక వాసన వేస్తున్నాయి. కారు అద్దం దించి ఉంది. ఆ వాసన తగలగానే నా కింది పెదవి భగ్గున మండింది. నిజంగా మండింది. చేత్తో తడిమి చూసుకున్నాను కూడా.

"ఏంటి, అలా అయిపోయావ్?" అన్నారు మా ఆయన.

"ఏం లేదండి, పోనివ్వండి" అన్నాను.

ఏం లేకపోవడమేంటి. చాలా ఉంది. కానీ చెప్పాలంటే మా అమ్మానాన్నల పాత స్కూటరు దగ్గర్నుంచి చెప్పాలి.

మా నాన్న భీమవరం దగ్గర ఒక ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. ఆయనది చర్చిపేట. వాళ్ళమ్మ, అంటే మా మామ్మ, ఊడ్పులకీ కోతలకీ వెళ్ళి ఆయన్ని చదివించింది. మా అమ్మది మెట్టప్రాంతం. పొగాకు, మామిడి, జీడితోటలున్న పెద్ద రైతు కూతురు. రాజమండ్రిలో టీచర్ ట్రైనింగు చదివేటప్పుడు ఇద్దరికీ పరిచయమైంది. చర్చిలో ఓ ఆరుగురి ముందు పెళ్ళి చేసుకున్నారు. ఆ కబురు విన్న రోజు మా తాతయ్య నూతి దగ్గరికి వెళ్ళి, నెత్తిన నీళ్ళు పోసుకుని, "నా కూతురు పోయింది" అని నలుగురికీ వినబడేలా చెప్పాడట. బతికున్న కూతురికి అలా నీళ్ళొదిలేశాడు. అప్పటికి నేను పుట్టలేదు.

నీళ్ళొదిలేసిన ఆ ఇంటికి మా అమ్మ ప్రతి వేసవిలోనూ వెళ్ళేది. బడికి సెలవులిచ్చిన వారానికి నాన్న స్కూటరు తుడిచి, టైర్లలో గాలి కొట్టించేవాడు. తెల్లవారకముందే మామ్మ లేచి దారిలో తినడానికి మూట కట్టేది. ఆవకాయ కలిపిన చద్దన్నం, వేయించిన ఎండు రొయ్యపొట్టు, ఉడికించిన గుడ్లు, మరచెంబు నిండా నీళ్ళు. నేను ముందు, నాన్న మోకాళ్ళ మధ్య నిలబడేదాన్ని. అమ్మ వెనక కూర్చునేది. ఊరు దాటేలోగా ఎవరో ఒకరు అడిగేవారు.

"ఎక్కడికండీ మాస్టారూ, ఇంత పొద్దున్నే?"

"అత్తారింటికండి!" అనేవాడు నాన్న. ఆ మాట అనేటప్పుడు ఆయన నడుం నిటారుగా అయ్యేది. ముందు నిలబడ్డ నాకు తెలిసేది.

అప్పటికింకా ఇన్ని రొయ్యల చెరువులు లేవు. వేసవిలో కాలవలకు నీళ్ళు కట్టేసిన రోజులు కాబట్టి దారి పొడుగునా బురద వాసన, అందులో చచ్చిన చిన్న చేపల వాసన వచ్చేవి. తాడేపల్లిగూడెం దాటి నల్లజర్ల వైపు ఎక్కాక నేల ఎర్రబడేది. ఆ పైన పొగాకు బేరన్ల వాసన. ఆకు కాలుస్తున్న ఆ ఘాటుకి నాకు తుమ్ములొచ్చేవి. అమ్మ మాత్రం వెనక నుంచి గట్టిగా గాలి పీల్చుకునేది. "అదిగో, మా ఊరి వాసన" అనేది. ఏడాది మొత్తంలో అమ్మ గొంతు అంత తేలిగ్గా వినిపించింది ఆ ఒక్క మాటలోనే.

తాతయ్య ఇల్లు రోడ్డు మీదే ఉండేది. మోకాలెత్తు ప్రహరీ, ఇనప గేటు, విశాలమైన వాకిలి, వాకిట్లో ఎడం పక్కన గిలక నుయ్యి, ఎదురుగా ఎత్తరుగుల పెంకుటిల్లు. రోడ్డుకివతల ఎవరిదో జీడితోట. దానికి కంచె లేదు. మేం ఆ తోటలో, ఇంటికి సరిగ్గా ఎదురుగా, ఒక చెట్టు కింద దుప్పటి పరుచుకుని కూర్చునేవాళ్ళం. అంతే మా అత్తారింటి ప్రయాణం. గేటు ఎవరూ తీసేవారు కాదు. మేమూ తట్టేవాళ్ళం కాదు.

మొదట్లో నాకు అది వింతగా తోచలేదు. అమ్మమ్మ ఇల్లంటే ఎదుటి చెట్టు కింద కూర్చుని చూసేదే అనుకున్నాను. బళ్ళో ఒక పిల్ల, "మా అమ్మమ్మ నాకు గోరింటాకు పెట్టింది" అని ఎర్రటి చేతులు చూపించినప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది.

మిట్టమధ్యాహ్నం, ఇంట్లో అందరూ అన్నాలు తిని పడుకున్నాక, అమ్మమ్మ వాకిట్లోకి వచ్చేది. మాగాయకి మామిడి ముక్కలు పాత చీరె మీద ఎండబోసి ఉండేవి. ఆవిడ గొంతుక్కూర్చుని ఆ ముక్కల్ని ఒక్కొక్కటే తిరగేసేది. కోళ్ళు కూడా నీడకు చేరే ఎండ అది. ముక్కలు తిప్పడానికి అది వేళ కాదు. ఒక ముక్క తిప్పి మా వైపు చూసేది, మళ్ళీ ఒక ముక్క తిప్పేది. తిప్పడం అయిపోతే మొదటికొచ్చి, తిప్పిన ముక్కల్నే మళ్ళీ తిప్పేది.

అప్పుడు అమ్మ నన్ను లేపి చెట్టు నీడ అంచున నిలబెట్టేది. "ఇటు తిరుగు" అనేది. తిరిగేదాన్ని. "ఇప్పుడు అటు తిరుగు. జడ కనబడాలి." మళ్ళీ తిరిగేదాన్ని. "నవ్వు. పళ్ళూడి కొత్తవొచ్చాయి కదా, కనబడనీ." అంత దూరం నుంచి పళ్ళు కనబడతాయా అని నేననలేదు. నవ్వేదాన్ని. వాకిట్లో అమ్మమ్మ చెయ్యి ముక్కల మీద ఆగిపోయేది.

నాన్న మాకు కాస్త వెనగ్గా, చెట్టు మొదలుకి చేరబడి కూర్చునేవాడు. చేతిలో ఏదో పుస్తకం ఉండేది. ఒక్క పేజీ తిప్పినట్టు నాకు గుర్తు లేదు.

ఒక అరగంట గడిచాక అరుగు మీద ఎవరో దగ్గేవారు. అమ్మమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయేది. మేం అన్నం మూట విప్పేవాళ్ళం. అమ్మ రెండు ముద్దలు తిని చాలనేది. ఎండ వాలాక స్కూటరెక్కి ఇంటికొచ్చేవాళ్ళం.

క్రిస్మస్‌కు మాత్రం ఆ స్కూటరే నరసాపురం వైపు, మా మేనత్త ఊరికి వెళ్ళేది. అక్కడ మేం దిగకముందే పిల్లలు పరుగెత్తుకొచ్చి నన్ను ఎత్తుకుపోయేవారు. అరిసెల పాకం, కొత్త బియ్యప్పిండి, మేకమాంసం మసాలా, అన్నీ కలిసిన వాసన. వెదురు గడకు కాగితపు నక్షత్రం వేలాడేది. మా అత్త అమ్మని పీట మీద కూర్చోబెట్టి, "నువ్వు ముందు తిను వదినా, నువ్వు తింటేనే మేం తింటాం" అని వెంటపడేది. అమ్మ నవ్వుతూ తినేది. వాళ్ళు ఎంత ప్రేమగా చూస్తే అమ్మ అంత తక్కువ మాట్లాడేదని నాకు ఇప్పుడనిపిస్తోంది.

నాకు తొమ్మిదేళ్ళప్పటి వేసవి. ఆ ఏడు జీడిపళ్ళు విరగకాశాయి. చెట్టు కింద ఎక్కడ చూసినా ఎర్రగా, పచ్చగా పళ్ళు. నేను ఏరుకుని రసం పీల్చుకుంటూ గౌనంతా మరకలు చేసుకున్నాను.

"పండు తిను గానీ పిక్క జోలికెళ్ళకు. పచ్చి పిక్క కొరికితే మూతంతా కాలిపోద్ది" అంది అమ్మ.

ఆ మాట నేను స్పష్టంగా విన్నాను. ఇన్నేళ్ళలో దీన్ని చాలామందికి పిల్లతనపు పొరపాటుగా చెప్పుకొచ్చాను. పొరపాటు కాదు. ఎదురుగా వాకిట్లో ముక్కలు తిప్పుతున్న ఆ ముసలావిడ నేను ఏడిస్తే వస్తుందా రాదా అని చూడాలనిపించింది. గోరింటాకు పెట్టించుకున్న పిల్ల మొహం గుర్తొచ్చింది. అమ్మ అటు చూస్తున్నప్పుడు పిక్కను దవడపళ్ళ కింద పెట్టి గట్టిగా కొరికాను.

ముందు ఏమీ తెలియలేదు. తర్వాత నిప్పు. పెదవుల మీద, నాలుక మీద, గడ్డం మీదికి కారిన చోటల్లా నిప్పు. నేను ఎలా అరిచానో నాకే తెలీదు. అమ్మ కొంగుతో తుడిచింది, ఆ తుడవడంతో అది ఇంకా పాకింది. నాన్న మరచెంబు నీళ్ళు నా మొహం మీద వంపేశాడు.

అప్పుడు గేటు కిర్రుమంది. అమ్మమ్మ చెప్పుల్లేకుండా, కాలిపోతున్న తారు రోడ్డు మీద పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో కంచుగిన్నె, అందులో వెన్న. నా గడ్డం పట్టుకుని పైకెత్తి, వెన్న తీసి పెదవులకు మందంగా పూసింది. ఆవిడ వేళ్ళు ఉప్పుగా, పసుపుగా, పచ్చిమామిడి పుల్లగా ఉన్నాయి.

"ఏడవకు నా తల్లీ, ఏడవకు. అయిపోయింది. తగ్గిపోద్ది" అంటూ ఊదింది.

నాకు మంట తగ్గలేదు గానీ ఏడుపు ఆగిపోయింది. అంత దగ్గరగా ఆవిడని చూస్తూ ఉండిపోయాను. ముక్కుపుడక, చెంప మీద నల్లటి పుట్టుమచ్చ. అదే మచ్చ మా అమ్మకీ అక్కడే ఉంది.

అమ్మమ్మ తలెత్తి అమ్మను చూసింది. పదేళ్ళ తర్వాత మొదటి మాట.

"ఇంత చిక్కిపోయావేంటే?"

"నువ్వేంటమ్మా, జుట్టంతా ఇలా నెరిసిపోయింది" అంది అమ్మ.

అమ్మ ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఉంది, వదల్లేదు. అమ్మమ్మ నాన్న వైపు తిరిగి, మొహం సరిగ్గా చూడకుండానే, "బాబూ, మంచినీళ్ళు తాగారా?" అంది.

"తాగామండి" అన్నాడు నాన్న. మరచెంబు ఖాళీగా ఆయన చేతిలోనే ఉంది.

"అమ్మా!" అని వాకిట్లోంచి కేక వినబడింది. మా మేనమామ. అప్పటికింకా పెళ్ళికాని కుర్రాడు. "అమ్మా, నాన్న లేచారు. వచ్చెయ్యి."

అమ్మమ్మ గిన్నె నా చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు పరుగెత్తలేదు. కాళ్ళు కాలినట్టున్నాయి, ఎగుడుదిగుడుగా నడిచింది. అరుగు మీద తెల్లపంచె కట్టుకున్న మనిషి లేచి నిలబడి ఉన్నాడు. మా తాతయ్యను నేను లేచి నిలబడగా చూసింది అప్పుడే.

పెదవులు మానడానికి ఇరవై రోజులు పట్టింది. చర్మం పొలుసులుగా ఊడింది. నేను మాత్రం గర్వంగానే ఉన్నాను. నేను ఏడిస్తే వచ్చింది కదా!

ఏడాది పొడుగునా అమ్మ ఆ గిన్నెను చింతపండు పెట్టి తోమి అటక మీద దాచింది. మళ్ళీ వేసవి వచ్చేసరికి సున్నుండలు చేసి గిన్నె నిండా పెట్టింది. "ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు" అంది. ఎలా ఇస్తావని నాన్న అడగలేదు. పిల్ల ఏడ్చిన వంక మళ్ళీ దొరకదు కదా. కానీ ఆ ఏడు అమ్మ కొత్త చీరె కట్టుకుంది. దారంతా ఏదో కూనిరాగం తీసింది.

ఆ రోజు మధ్యాహ్నమైనా వాకిట్లోకి ఎవరూ రాలేదు. పాత చీరె లేదు, మామిడి ముక్కలు లేవు. వాకిలి ఊడ్చి శుభ్రంగా ఉంది. "పడుకుని ఉంటుంది" అంది అమ్మ. కాసేపటికి, "ఏ ఊరైనా వెళ్ళుంటుంది" అంది. నన్ను లేపి నిలబెట్టి, ఎవరూ లేని వాకిలి వైపు ఒకసారి తిప్పింది కూడా.

ఎండ కొంచెం వాలుతుండగా ఆ ఇంట్లో పేడకళ్ళు ఎత్తే మనిషి గంపతో గేటు బయటికొచ్చింది. మమ్మల్ని చూసి ఆగిపోయింది. గంప అక్కడే దించి, అటూ ఇటూ చూసుకుని రోడ్డు దాటింది.

"అమ్మాయిగోరూ, మీకు తెలీదాండీ?"

"ఏంటి?" అంది అమ్మ.

"అమ్మగోరు పోయారండి. అట్లతద్ది ముందర."

నాన్న పుస్తకం కింద పెట్టి లేచాడు.

"ఏమైంది?" అన్నాడు.

"జొరం అన్నారండి. ఏం జొరమో. నిరుడు ఎండల్లో మీ కాడికొచ్చినాక అయ్యగోరు ఆవిడ్ని వాకిట్లోకే రానివ్వలేదండి. పెరడూ వంటిల్లే. ఎవరితోనీ మాట్టాడేవోరు కాదు. తిండి తగ్గించేశారు. ఆఖర్న మంచంలో నాకు చెయ్యి చూపించారండి, ఇలాగ" అంటూ తన చేతిని గుండెల ఎత్తులో పట్టింది. "చిన్నపాప ఇంత ఎదిగిందని."

ఆ చెయ్యి నా తల ఎత్తుకు సరిగ్గా ఉంది.

అమ్మ లేచింది. గిన్నె చేతిలోకి తీసుకుంది. చీరె కుచ్చిళ్ళు సర్దుకుని రోడ్డు దాటి, గేటు నెట్టుకుని లోపలికి వెళ్ళింది. నాన్న నా చెయ్యి పట్టుకుని గేటు దాకా వచ్చాడు. గేటు తెరిచే ఉంది. గడప లాంటిది ఏమీ లేదు, మట్టినేలే. అయినా ఆయన కాలు అక్కడే ఆగింది.

తాతయ్య అరుగు మీద పడక కుర్చీలో ఉన్నాడు. మామయ్య లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి, "అక్కా, వద్దక్కా" అన్నాడు. అమ్మ అతని వైపు చూడలేదు. గిన్నె నూతి గట్టు మీద పెట్టింది. చేద నూతిలోకి వదిలింది. గిలక కీచుమంది. నీళ్ళు తోడి, కట్టుబట్టలతో, జడ విప్పకుండా నెత్తిన పోసుకుంది. మళ్ళీ తోడింది. మళ్ళీ పోసుకుంది. మూడోసారి చేద ఎత్తలేక మోకాలి మీద ఆనించుకుని, అలాగే వంగి పోసుకుంది. ఒక్క ఏడుపు లేదు. నీళ్ళ చప్పుడే.

అప్పుడు తాతయ్య వైపు తిరిగింది.

"మీరు నాకు చెప్పలేదు నాన్నా. నాకు మా అమ్మ ఇవాళే పోయింది. స్నానం చేశాను. వెళ్తున్నాను."

తాతయ్య ఆమెతో మాట్లాడలేదు. పశువుల పాక దగ్గర నిలబడ్డ పాలేరును పిలిచాడు.

"ఒరే, పొద్దుగూకేలోగా ఆ నుయ్యి తోడించెయ్యండ్రా."

ఆ మాట అంటుంటే ఆయన గొంతు మామూలుగా ఉంది. కోపం కూడా లేదు. అమ్మ వింది. తలవంచుకుని గేటు దాకా నడిచొచ్చింది. సున్నుండల గిన్నె నూతి గట్టు మీదే ఉండిపోయింది.

తిరుగు ప్రయాణంలో ఆమె బట్టలు వేడిగాలికి నల్లజర్ల రాకముందే ఆరిపోయాయి. ఒక పాక దగ్గర నాన్న స్కూటరు ఆపి టీ తాగమన్నాడు. అమ్మ దిగలేదు.

"నేనూ నీతో లోపలికి రావాల్సింది" అన్నాడు నాన్న.

"మీరొస్తే మిమ్మల్ని కొట్టేవాళ్ళు" అంది అమ్మ.

ఆ తర్వాత వాళ్ళు స్కూటరు మీద మెట్ట వైపు వెళ్ళలేదు. సెలవులిచ్చిన వారానికి నాన్న అలవాటు కొద్దీ స్కూటరు తుడిచేవాడు. తుడిచి, మళ్ళీ గోనెపట్టా కప్పేసేవాడు. మామిడికాయల కాలంలో మా ఇంట్లో మాగాయ పెట్టడం మానేశారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

నన్ను ఎవరూ ఒక్క మాటా అనలేదు. అదే నాకు కష్టమైపోయింది. రాత్రిళ్ళు పక్క తడిపేదాన్ని, పదేళ్ళు దాటిన పిల్లని. చివరికి ఒక రోజు పిడకలు చేస్తున్న మామ్మ పక్కన కూర్చుని, కావాలనే కొరికానని చెప్పేశాను.

మామ్మ పేడచేతుల్తోనే నా వైపు తిరిగింది.

"ఎవురికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. మీ అమ్మకి అసలు చెప్పకు." పేడముద్ద గోడకేసి కొట్టి, మళ్ళీ అంది. "నువ్వు కొరక్కపోతే ఆవిడ కూతుర్ని ఒక్కసారైనా ముట్టుకోకుండానే పోయేది, పిచ్చిదానా. ఆవిడ్ని చంపింది నువ్వు కాదు. చంపినోడు కుర్చీలో కూకున్నాడు."

మామ్మ మాట నమ్మాలని చాలా ఏళ్ళు ప్రయత్నించాను. సగం నమ్మాను.

నేను ఇంటర్ చదివేటప్పుడు, ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మా ఇంటి ముందు రోడ్డు మీద ఒకాయన నిలబడి ఉన్నాడు. నుదుటి మీద జుట్టు పలచబడింది. గుర్తుపట్టడానికి నాకు కొంచెం సేపు పట్టింది. మామయ్య.

అమ్మ మాత్రం వెంటనే గుర్తుపట్టింది. "అక్కడెందుకు నిలబడ్డావ్? లోపలికి రా. మేం ఎవర్నీ రోడ్డు మీద నిలబెట్టం" అంది.

అతను తల వంచుకుని లోపలికొచ్చాడు. అమ్మ ఆకు వేసి, అన్నం పెట్టి, చేపల పులుసు వడ్డించింది. అతను తినడానికి ఒక్క క్షణం తటపటాయించి, కలుపుకున్నాడు. నాన్న ఎదురుగా కూర్చున్నాడు.

"నాన్న మంచంలో ఉన్నారక్కా. ఎన్నాళ్ళో చెప్పలేం అన్నారు డాక్టరుగారు. ఒక్కసారి రా."

"రమ్మన్నారా?"

అతను అన్నం మెతుకులు వేళ్ళతో నలిపాడు. "నోటితో అనలేదక్కా."

"అయితే నువ్వు రమ్మంటున్నావు."

"ఆయ్."

"మీ బావగారొస్తే అరుగెక్కిస్తావా?"

అతను నాన్న వైపు చూశాడు, మళ్ళీ ఆకు వైపు చూశాడు. "చుట్టాలంతా వచ్చి ఉన్నారక్కా" అన్నాడు.

"సరే తిను. చల్లారిపోద్ది" అంది అమ్మ.

అతను వెళ్ళాక నాన్నే కదిలించాడు. "వెళ్ళిరా. నేను తీసుకెళ్తాను. నేను ఎదురుగా తోటలో కూర్చుంటాలే, నాకు అలవాటే."

అమ్మ ఆకు ఎత్తుతోంది. ఆగిపోయింది. "అందుకే వెళ్ళనండి" అంది. "అన్నేళ్ళూ నేను మా అమ్మకేసి చూస్తూ కూర్చున్నాను. నా వెనకాల మీరెలా కూర్చున్నారో ఒక్కనాడు తిరిగి చూళ్ళేదు. ప్రతి ఏడూ మిమ్మల్ని తీసుకెళ్ళి వాళ్ళ గుమ్మం ముందు ఎండలో పెట్టాను. వాళ్ళు చేసింది ఒకెత్తు. నేను చేసింది ఒకెత్తు."

నాన్న ఆమె చేతిలోంచి ఆకు తీసుకుని తనే బయట పారేసి వచ్చాడు.

వారం తర్వాత ఒక పొద్దున టెలిగ్రాం వచ్చింది. అమ్మ చదివి, మడిచి, గూట్లో పెట్టింది. స్నానం చేయలేదు. ఎసట్లో బియ్యం పోసింది. నాన్న బట్టలు వేసుకుని, "ఏలూర్లో టీచర్ల మీటింగుంది, పొద్దుపోయాక వస్తాను" అని బయల్దేరాడు. స్కూటరు ఇంటి దగ్గరే వదిలేసి నడిచి వెళ్ళాడు. అమ్మ సరేనంది.

నాన్న ఆ తర్వాత పందొమ్మిదేళ్ళు బతికాడు. రిటైరయ్యాడు, నా పెళ్ళి చేశాడు, మనవరాలిని చూశాడు. ఆయన పోయినప్పుడు, చర్చి వెనక సమాధుల దొడ్లో మట్టి వేసి వస్తుంటే, మామయ్య నన్ను పక్కకు పిలిచాడు. జుట్టు నెరిసిపోయింది.

"మా నాన్న పోయిన రోజు మీ నాన్నగారు వచ్చారమ్మా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఎదురు తోటలో కూలీలు నిలబడితే వాళ్ళ మధ్య నిలబడ్డారు. పాడె గేటు దాటేదాకా ఎండలో అలాగే ఉన్నారు. మేం దగ్గరికొచ్చాక చెప్పులు విడిచి దండం పెట్టుకున్నారు. నా భుజం మీద పాడె ఉంది. నేను చూశాను. ఆయనా నన్ను చూశారు. పలకరించలేకపోయానమ్మా. అప్పుడే కాదు, మళ్ళీ ఎప్పుడూ పలకరించలేకపోయాను. ఇవాళ పలకరిద్దామంటే మనిషి లేడు."

ఆ సాయంత్రం జనం వెళ్ళిపోయాక అమ్మకు చెప్పాను. చెప్పకూడదేమోనని భయపడుతూనే చెప్పాను. అమ్మ, నాన్న పడుకునే మంచం పట్టెమీద చెయ్యి వేసుకుని కూర్చుని ఉంది.

"తెలుసు" అంది.

"ఎలా తెలుసు?"

"మర్నాడు చొక్కా ఉతుకుతుంటే జేబులో బస్సు టికెట్టు దొరికింది. ఏలూరుది కాదు."

"ఆయన్ని అడగలేదా?"

"నా బదులు వెళ్ళారు. చెబితే నేను వెళ్ళనందుకు కుమిలిపోతానని చెప్పలేదు. నేనడిగితే ఆయన అబద్ధమాడాల్సొస్తుంది. జన్మలో ఆడని మనిషి, ఒక్కటి ఆడారు. దాన్ని రెండు చెయ్యడం ఎందుకని అడగలేదు." మంచం పట్టె మీద చెయ్యి రాస్తూ అంది. "ఆ పూట వచ్చాక అన్నం సయించలేదు ఆయనకి. మజ్జిగ కలిపిచ్చాను. తాగి, గ్లాసు నా చేతికిస్తూ నా మొహంలోకి చూశారు. నేను గ్లాసు కడగడానికి వెళ్ళిపోయాను. అప్పుడు ఆగి ఉండాల్సింది."

అమ్మ ఆ తర్వాత నాన్న గురించి ఎన్నో చెప్పింది గానీ, ఆ రోజు సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆమె కూడా పోయి రెండేళ్ళయింది. మామ్మ చెప్పినట్టే, పిక్క కావాలనే కొరికానన్న మాట నేను ఆమెకు చివరిదాకా చెప్పలేదు. ఆమెకు అది కూడా తెలిసే ఉంటుందా అని ఈ మధ్య అనిపిస్తోంది. తెలిసి ఉంటే, ఆమె అడగనందుకు నేను ఊరుకున్నానో, నేను చెప్పనందుకు ఆమె ఊరుకుందో, ఇప్పుడు తేల్చి చెప్పేవాళ్ళెవరూ లేరు.